రెటీనా, కోరాయిడ్ ఇన్‌ఫ్లమేషన్: స్టెరాయిడ్ రాసే ముందు, రాసిన తర్వాత పాటించాల్సిన క్రమం

కంటి వెనక భాగంలో, అంటే వెలుగును పట్టే రెటీనా పొరలో, దాని కింద రక్తనాళాలతో నిండిన కోరాయిడ్ పొరలో వచ్చే ఇన్‌ఫ్లమేషన్‌ను (వాపును) ఎలా తేల్చుకోవాలి, ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టాలి అని నేత్ర వైద్యంలో పీజీ చేస్తున్నవారు, సాధారణ ప్రాక్టీసులో ఉన్న సహోద్యోగులు తరచూ అడుగుతున్నారు. అడిగేవారిలో చాలామందికి జబ్బుల పేర్లు బాగానే తెలుసు. తడబాటు వచ్చేది ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గరే. అందుకే ఇక్కడ ఒక్కో జబ్బునూ వర్ణించడం కంటే పని జరగాల్సిన వరస మీదే ఎక్కువ దృష్టి పెట్టాను.

ఇది వైద్యుల కోసం రాసినది. ఇందులోని మోతాదులు సాధారణ మూత్రపిండాల పనితీరు ఉన్న పెద్దవారికి వర్తించేవి కాబట్టి రోగులు వీటిని చూసి సొంతంగా మందులు వాడకూడదు.

ప్రతి మెట్టు దగ్గరా మిమ్మల్ని మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ కంటికి స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే ఏదైనా ముప్పు జరుగుతుందా? దానికి సమాధానం దొరికేదాకా మందుల చీటీ మీద స్టెరాయిడ్ పేరు రాయకండి.

1. రోగి చెప్పేది పూర్తిగా వినడం

దీనికి కనీసం పదిహేను నిమిషాలు కేటాయించండి. చూపు మసకబారడం, కంటి ముందు నల్లచుక్కలో దారాలో తేలడం, వెలుగు మెరుపులు, చూపులో ఒకచోట ఖాళీ ఏర్పడటం దాదాపు ఈ జబ్బులన్నిటిలోనూ ఉంటాయి కాబట్టి అవి పెద్దగా దారి చూపవు. దారి చూపేవి కంటికి బయట ఉంటాయి, వాటిని రోగి తనంతట తాను చెప్పడు. నోటిపూతకూ కంటికీ సంబంధం ఉంటుందని ఆయనకు ఎలా తెలుస్తుంది?

అడగాల్సినవి:

- ఎప్పుడు మొదలైంది, గంటల్లోనా, రోజుల్లోనా, నెలల్లోనా? ఒక కంట్లోనా, రెండింట్లోనా?
- ఇంతకు ముందు ఇలాగే వచ్చి తగ్గిందా? అప్పుడు ఏ మందులు వాడారు?
- తలనొప్పి, మెడ పట్టేయడం, చెవుల్లో హోరు, చర్మం మీద బొల్లి మచ్చలు, రెప్పవెంట్రుకలు తెల్లబడటం
- నోటిపూత, జననాంగాల దగ్గర పుండ్లు, కీళ్ల నొప్పులు
- రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, ఇంట్లో ఎవరికైనా క్షయ
- లైంగిక సంబంధాల వివరాలు, ఒంటి మీద దద్దుర్లు, హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకున్నారా
- ఇటీవల సర్పి, జ్వరంతో ఆసుపత్రిలో చేరిక, సెలైన్ కోసం పెట్టిన కాథెటర్లు, మధుమేహం
- ఏ కంటికైనా గతంలో గాయం లేదా ఆపరేషన్
- ప్రస్తుతం వాడుతున్న మందులన్నీ, ముఖ్యంగా కేన్సర్ చికిత్సకు వాడే ఇమ్యూన్ చెక్‌పాయింట్ ఇన్‌హిబిటర్లు
- గర్భం, పాలివ్వడం, పిల్లలు కావాలన్న ఆలోచన

లైంగిక చరిత్రను కుటుంబ సభ్యుల ముందు అడగవద్దు. అలా అడిగితే వచ్చే సమాధానం మిమ్మల్ని పక్కదారి పట్టిస్తుంది.

2. కన్ను చూడటం: చుక్కలు వేసే ముందు, వేసిన తర్వాత

పాపను పెద్దది చేసే చుక్కలు వేయక ముందే చూపు, కంటి పీడనం, పాప స్పందన, ముందు గదిలోని (కార్నియాకూ ఐరిస్‌కూ మధ్య చోటు) కణాలు, కార్నియా లోపలి వైపు అంటుకున్న గుంపులు రాసుకోండి. ఇన్‌ఫ్లమేషన్ ఉన్న కంట్లో సాధారణంగా పీడనం తగ్గుతుంది. అది పెరిగి కనిపిస్తే హెర్పిస్ కుటుంబపు వైరస్‌లు, టాక్సోప్లాస్మా (రెటీనాను దెబ్బతీసే పరాన్నజీవి) గుర్తుకు రావాలి.

కణాల లెక్కకు 2005లో ప్రచురితమైన సన్ (SUN) వర్గీకరణను, అంటే కంటి లోపలి వాపును అంకెల్లో రాసే ప్రామాణిక పద్ధతిని వాడండి. ‘కొద్దిగా కణాలు ఉన్నాయి’ అని రాస్తే మూడు వారాల తర్వాత చూసే వైద్యుడికి అది ఏ పనికీ రాదు. విట్రియస్ (కంటి లోపల నిండి ఉండే జెల్లీ) మసకను కూడా 0 నుంచి 4 వరకు ఉన్న కొలమానంలోనే రాయాలి. ఆప్టిక్ డిస్క్ (కంటి నరం మొదలయ్యే గుండ్రని చోటు) అంచు, రక్తనాళాలు ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాయన్నదే దానికి ఆధారం.

ఆ తర్వాత ఇన్‌డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోప్‌తో, అవసరమైతే స్క్లీరాను నొక్కి, రెటీనా చివరి అంచు వరకు 360 డిగ్రీలు చూడండి. ఇక్కడ ఒక సంఘటన చెప్పాలి. నేను పీజీలో ఉండగా ఒక మధ్యవయస్కుడు వచ్చాడు. వేరేచోట పది రోజులుగా ముందు భాగపు యువైటిస్ (కంటి లోపలి పొరల వాపు) అని స్టెరాయిడ్ చుక్కలు వేస్తున్నారు. ముందు గదిలో కణాలు తగ్గుతున్నాయి, చూపు మాత్రం రోజురోజుకూ పడిపోతోంది. మాక్యులా (సూటి చూపునిచ్చే రెటీనా మధ్య భాగం) శుభ్రంగా ఉంది. పరీక్షించే లెన్స్‌ను పక్కకు తిప్పి ముక్కు వైపు అంచుకు వెళ్తే, గడియారంలో 1 నుంచి 5 గంటల స్థానం దాకా సున్నం పూసినట్టు తెల్లటి పట్టీ కనిపించింది. దాని లోపలి అంచు కత్తిరించినట్టు ఉంది, ఆ పట్టీలోకి వెళ్లిన ధమనులు సన్నని తెల్లదారాల్లా మిగిలాయి. అది అక్యూట్ రెటీనల్ నెక్రోసిస్, అంటే హెర్పిస్ కుటుంబపు వైరస్ వల్ల రెటీనా చచ్చిపోయే జబ్బు. పది రోజుల్లో ఒక్కసారి అంచు దాకా చూసి ఉంటే సరిపోయేది.

రెండో కన్ను బాగుందని రోగి చెప్పినా దాన్ని కూడా ఇదే పద్ధతిలో చూడాలి.

బొమ్మ గీయడం మానకండి. ఫొటో తీసినా సరే, లీజన్ (జబ్బు పడిన మచ్చ) అంచు దగ్గరలోని రక్తనాళం చీలిక నుంచి ఎన్ని డిస్క్ వెడల్పుల దూరంలో ఉందో కాగితం మీద రాయండి. 48 గంటల తర్వాత అది పెరిగిందా, ఆగిందా అన్నది ఆ ఒక్క అంకెను బట్టే తేలుతుంది.

3. ఎక్కడ మొదలైందో పేరు పెట్టడం

లీజన్ మీద వెళ్లే రెటీనా రక్తనాళాన్ని చూడండి. తెల్లటి మసకలో అది మాయమైతే జబ్బు రెటీనాలో ఉంది. రక్తనాళం స్పష్టంగా పైనుంచి దాటిపోతూ, పసుపు మచ్చ దాని కింద ఉంటే జబ్బు కోరాయిడ్‌లో ఉంది. రెటీనైటిస్‌లో విట్రియస్ కణాలు సాధారణంగా ఎక్కువ, కోరాయిడైటిస్‌లో తక్కువ.

రక్తనాళాల వాపులో ధమనులు ప్రధానంగా దెబ్బతింటే హెర్పిస్ కుటుంబాన్ని ముందు తలచుకోండి. సిరలు దెబ్బతింటే క్షయ, సార్కాయిడోసిస్ (అవయవాల్లో చిన్న గడ్డలు కట్టే జబ్బు), బెచెట్ వ్యాధి (నోటిపూత, జననాంగాల పుండ్లతో వచ్చే రక్తనాళాల వాపు) వరసలోకి వస్తాయి. బెచెట్‌లో ధమనులు కూడా మూసుకుపోవచ్చు.

ఆప్టిక్ డిస్క్ ఉబ్బి, మాక్యులాలో నక్షత్రంలా పసుపు గీతలు ఏర్పడితే అది న్యూరోరెటీనైటిస్. అప్పుడు పిల్లి గీరిందా అని అడిగి బార్టొనెల్లా (పిల్లి గీరితే సోకే బ్యాక్టీరియా) సీరాలజీ, అంటే యాంటీబాడీల రక్తపరీక్ష పంపండి. రక్తపోటు కొలవడం కూడా మరవొద్దు, ఎందుకంటే తీవ్రమైన రక్తపోటు కూడా ఇదే రూపంలో కనిపిస్తుంది.

4. ఇన్‌ఫెక్షనా, కాదా?

గైడ్ మొత్తంలో నిదానంగా చదవాల్సిన భాగం ఇదే. ఇన్‌ఫెక్షన్ కాని జబ్బులో స్టెరాయిడ్ రెండు రోజులు ఆలస్యమైతే చాలావరకు సరిదిద్దుకోవచ్చు. ఇన్‌ఫెక్షన్‌లో స్టెరాయిడ్ ఒంటరిగా వెళ్తే రెటీనా తిరిగిరాదు.

అక్యూట్ రెటీనల్ నెక్రోసిస్. 1994లో అమెరికన్ యువైటిస్ సొసైటీ ఇచ్చిన లక్షణాలు ఇప్పటికీ రోగిని చూసేటప్పుడు పనికొస్తాయి: అంచు రెటీనాలో స్పష్టమైన హద్దులున్న నెక్రోసిస్, చికిత్స లేకపోతే వేగంగా పెరగడం, చుట్టూ వలయంగా పాకడం, ధమనులు మూసుకుపోవడం, విట్రియస్‌లోనూ ముందు గదిలోనూ గట్టి ఇన్‌ఫ్లమేషన్. ఈ నిర్ధారణకు ల్యాబ్ ఫలితం కోసం ఆగనక్కర్లేదు. ముందు గది నుంచి ద్రవం తీసి పీసీఆర్‌కు (క్రిమి జన్యు పదార్థాన్ని పట్టే పరీక్షకు) పంపండి, మందు మాత్రం అదే రోజు మొదలుపెట్టండి.

టాక్సోప్లాస్మా. నల్లటి అంచున్న పాత మచ్చ పక్కనే కొత్త తెల్లటి లీజన్, దాని మీద మంచు కమ్మినట్టు విట్రియస్ మసక ఉంటే కంటితో చూసే నిర్ధారించవచ్చు. ఐజీజీ యాంటీబాడీ పాజిటివ్ కావడం పాత సంపర్కాన్ని మాత్రమే చెబుతుంది. ఐజీజీ నెగటివ్ వస్తే మాత్రం ఈ నిర్ధారణను మళ్లీ ఆలోచించాలి. వయసు మళ్లినవారిలో, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో పాత మచ్చ లేకుండానే పెద్ద లీజన్‌గా వచ్చి వైరల్ నెక్రోసిస్‌ను పోలి ఉంటుంది.

సిఫిలిస్. ఇది ఏ రూపంలోనైనా రాగలదు. మాక్యులాలో గుండ్రని పసుపు పలక లాంటి మార్పు, ఓసీటీలో (రెటీనా పొరలను అడ్డకోతలా చూపే స్కాన్) ఎలిప్సాయిడ్ పొర (వెలుగును గ్రహించే కణాల పొర) చెదిరిపోవడం ఉంటే అనుమానం బలపడాలి. వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్‌కు మామూలుగా చేసే రక్తపరీక్ష) ఒక్కటే పంపడం చాలదు, పాత జబ్బులో అది నెగటివ్ రావచ్చు. సిఫిలిస్ క్రిమికే ప్రత్యేకమైన ట్రెపోనీమల్ పరీక్ష కూడా పంపాలి. పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేయాలి.

క్షయ. సర్పిజినస్‌ను (పాములా పాకే కోరాయిడ్ వాపును) పోలిన కోరాయిడైటిస్, కోరాయిడ్‌లో ఒకే పెద్ద గడ్డ, సిరలు మూసుకుపోయే వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు) అనే మూడు రూపాలు ముఖ్యం. అసలు సర్పిజినస్ ఆప్టిక్ డిస్క్ చుట్టూ మొదలై బయటికి పాకుతుంది, విట్రియస్‌లో కణాలు దాదాపు ఉండవు. క్షయ వల్ల వచ్చేది చాలాచోట్ల ఒకేసారి మొదలవుతుంది, విట్రియస్‌లో కణాలు ఉంటాయి, తరచూ డిస్క్ పక్క భాగాన్ని వదిలేస్తుంది. మాంటూ (చర్మం మీద చేసేది), ఇగ్రా (రక్తంతో చేసేది) పరీక్షలు శరీరంలో క్షయ క్రిమి ఎప్పుడో ప్రవేశించిందని చెబుతాయి తప్ప కంట్లోని జబ్బు దానిదేనని చెప్పవు. ఛాతీ ఎక్స్‌రే మామూలుగా ఉన్నా సీటీలో గ్రంథులు బయటపడవచ్చు.

సైటోమెగలో వైరస్. సీడీ4 సంఖ్య (రోగనిరోధక తెల్లకణాల లెక్క) 50 కంటే తగ్గిన హెచ్‌ఐవీ రోగిలో, లేదా అవయవ మార్పిడి జరిగిన వ్యక్తిలో, రక్తస్రావాలతో కలిసిన తెల్లటి రెటీనైటిస్ ఉండి విట్రియస్ మాత్రం ఆశ్చర్యం కలిగించేంత శుభ్రంగా ఉంటే ఇదే కారణం.

లోపలి నుంచి, అంటే రక్తం ద్వారా వచ్చే ఎండాఫ్తాల్మైటిస్ (కంటి లోపలంతా పాకే ఇన్‌ఫెక్షన్). జ్వరం, కాథెటర్లు, మధుమేహం ఉన్న రోగి కంట్లో మెత్తని తెల్లటి ఉండలు కనిపిస్తే కంటి కంటే ముందు ప్రాణాన్ని గురించి ఆలోచించాలి. బ్లడ్ కల్చర్ పంపి, ఫిజీషియన్‌ను అప్పుడే పిలవండి.

ఇక ఇన్‌ఫ్లమేషన్ వేషంలో వచ్చే కేన్సర్లు. 50 దాటిన వ్యక్తిలో విట్రియస్ నిండా కణాలున్నా మాక్యులాలో వాపు లేకపోవడం, స్టెరాయిడ్‌తో కాస్త తగ్గి మళ్లీ తిరగబెట్టడం, పిగ్మెంట్ పొర కింద పసుపు గడ్డలు ఉండటం లింఫోమా (లింఫ్ కణాల కేన్సర్) సూచనలు. చిన్నపిల్లల కంట్లో తెల్లటి కణాలు కనిపిస్తే రెటినోబ్లాస్టోమా (పిల్లల రెటీనా కేన్సర్) లేదని అల్ట్రాసౌండ్‌తో తేలేదాకా ఆ కంట్లోకి సూది వెళ్లకూడదు.

5. ఇమేజింగ్: ఏ ప్రశ్నకు ఏ పరీక్ష

అన్ని పరీక్షలూ అందరికీ అవసరం లేదు. మీకు తెలియాల్సింది ఏమిటో ముందు అనుకుని, దానికి తగిన పరీక్ష రాయండి.

- మాక్యులాలో వాపు ఉందా, ఎంత? ఓసీటీ
- కోరాయిడ్ మందమైందా? లోతు చూపే ఈడీఐ పద్ధతిలో ఓసీటీ, అది అందకపోతే బీ-స్కాన్ (అల్ట్రాసౌండ్)
- రక్తనాళాలు కారుతున్నాయా, మూసుకుపోయాయా? వీలైనంత విశాలమైన ఫ్లోరెసీన్ యాంజియోగ్రఫీ (సిరలోకి రంగు ఎక్కించి తీసే రక్తనాళాల ఫొటోలు)
- కోరాయిడ్‌లో దాగిన మచ్చలు ఎన్ని? ఇండోసయనిన్ గ్రీన్ యాంజియోగ్రఫీ
- లీజన్ అంచు ఇంకా చురుగ్గా ఉందా? ఆటోఫ్లోరెసెన్స్. చురుకైన అంచు మెరుస్తుంది, మానిన భాగం నల్లబడుతుంది
- కొత్త రక్తనాళాలు పుట్టాయా? ఓసీటీ యాంజియోగ్రఫీ

రెటీనా కింద నీరు చేరిన రెండు కళ్లను చూడగానే వోగ్ట్-కొయనాగి-హరాడా వ్యాధి (శరీరం తన రంగు కణాల మీదే దాడిచేసే జబ్బు, ఇకపై హరాడా) అని నిర్ణయించే ముందు ఒక్క క్షణం ఆగండి. సెంట్రల్ సీరస్ కోరియోరెటినోపతీ కూడా రెండు కళ్లలో నీరు చేర్చగలదు, కోరాయిడ్‌ను మందం చేయగలదు, పైగా స్టెరాయిడ్‌తో ముదురుతుంది. హరాడాలో ఓసీటీ మీద పిగ్మెంట్ పొర అలలుగా ముడతలు పడి ఉంటుంది, నీటి గదుల మధ్య అడ్డుపొరలు కనిపిస్తాయి, యాంజియోగ్రఫీలో సూదిమొనల్లాంటి అనేక చుక్కలు కారి చివరికి మడుగుల్లా నిండుతాయి, డిస్క్ కూడా వెలుగుతుంది. విట్రియస్‌లో, ముందు గదిలో కణాలు ఉండటం కూడా హరాడా వైపే మొగ్గు చూపుతుంది.

6. రక్తపరీక్షలు

నా లెక్కలో ఈ భాగంలో జరిగే వృథా మరే భాగంలోనూ జరగదు. ఒక పేజీ నిండా పరీక్షలు రాస్తే ఏదో ఒకటి పాజిటివ్ వస్తుంది, దాని వెంట పరుగు మొదలవుతుంది. కీళ్ల నొప్పులు లేని రోగికి రుమటాయిడ్ ఫ్యాక్టర్ పంపడం దీనికి మంచి ఉదాహరణ.

అందరికీ పంపదగినవి:

- పూర్తి రక్త కణాల లెక్క, చక్కెర, క్రియాటినిన్, కాలేయ పరీక్షలు
- ట్రెపోనీమల్ పరీక్ష, వీడీఆర్‌ఎల్, హెచ్‌ఐవీ
- మాంటూ లేదా ఇగ్రా, ఛాతీ చిత్రం
- స్టెరాయిడ్ ఎక్కువకాలం పట్టేట్టు ఉంటే హెపటైటిస్ బీ, సీ

మిగతావి అనుమానాన్ని బట్టి మాత్రమే పంపాలి. సార్కాయిడోసిస్ అనుకుంటే ఏసీఈ (రక్తంలోని ఒక ఎంజైమ్), ఛాతీ సీటీ. బర్డ్‌షాట్ రూపం (కంటి వెనక చెల్లాచెదురైన లేత మచ్చలు) కనిపిస్తే హెచ్‌ఎల్‌ఏ-ఏ29 జన్యు పరీక్ష. ఆ రూపం లేకుండా ఈ పరీక్ష పంపితే ఫలితానికి విలువ ఉండదు, ఎందుకంటే ఆ జన్యువు ఉన్న ఆరోగ్యవంతులే చాలా ఎక్కువ.

7. కంటి ద్రవం తీయడం

వైరల్ జబ్బు అనుమానం ఉన్నప్పుడు ముందు గది నుంచి ద్రవం తీయడం స్లిట్ ల్యాంప్ దగ్గరే చేయగలిగిన పని.

(1) చుక్కలతో మొద్దుబార్చి, 5 శాతం పోవిడోన్ అయొడిన్ వేయండి.
(2) రెప్పలు వేరుచేసే స్పెక్యులమ్ పెట్టండి.
(3) ఒక మి.లీ. సిరంజికి బిగించిన 30 గేజ్ సూదిని లింబస్ దగ్గర, ఐరిస్‌కు సమాంతరంగా, ఐరిస్ మీదుగానే లోపలికి పంపండి. సూది మొన పాప మీదికి రాకూడదు, వస్తే లెన్స్ తగిలే ప్రమాదం ఉంటుంది.
(4) 0.1 నుంచి 0.2 మి.లీ. మెల్లగా లాగి, సూదిని బయటికి తీయండి.
(5) హెర్పిస్ సింప్లెక్స్, వారిసెల్లా జోస్టర్, సైటోమెగలో వైరస్, టాక్సోప్లాస్మా పీసీఆర్ అని చీటీ మీద స్పష్టంగా రాసి పంపండి.

లింఫోమా అనుమానం ఉంటే విట్రెక్టమీ చేసి, ఇన్‌ఫ్యూజన్ తెరవక ముందే కలుపులేని విట్రియస్ తీయాలి. కట్టర్ వేగం తక్కువగా ఉంచాలి. ఆ కణాలు చాలా సున్నితమైనవి కాబట్టి, నమూనా ఎన్ని నిమిషాల్లో అందాలో, ఏ ద్రవంలో వేయాలో పాథాలజిస్ట్‌తో ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోండి. స్టెరాయిడ్ వాడుతుంటే, రోగి పరిస్థితి అనుమతించినంత మేరకు, ముందే ఆపాలి. సైటాలజీతోపాటు ఐఎల్-10, ఐఎల్-6 అనే ప్రోటీన్ల నిష్పత్తి, ఎంవైడీ88 జన్యువు మ్యుటేషన్ పరీక్ష పంపితే నిర్ధారణకు బలం వస్తుంది. మెదడు ఎంఆర్‌ఐ తప్పనిసరి.

8. ఇన్‌ఫెక్షన్ చికిత్స

నెక్రోసిస్‌కు ఎసైక్లోవిర్ కిలోకు 10 మి.గ్రా. చొప్పున 8 గంటలకోసారి సిరలోకి, 7 నుంచి 10 రోజులు. నీరు బాగా పట్టించి, క్రియాటినిన్ చూస్తూ ఉండాలి. రోగిని చేర్చుకునే వీలు లేకపోతే వాలసైక్లోవిర్ 2 గ్రాములు రోజుకు మూడుసార్లు నోటితో ఇవ్వవచ్చు. మాక్యులాకు దగ్గరగా వస్తున్న జబ్బుకు కంట్లోకి గాన్‌సైక్లోవిర్ 2 మి.గ్రా. లేదా ఫోస్కార్నెట్ 2.4 మి.గ్రా. ఇంజెక్షన్ కూడా కలపండి. స్టెరాయిడ్ అవసరమైతే యాంటీవైరల్ మొదలైన 24 నుంచి 48 గంటల తర్వాతే. ఆపై నోటి మందు కనీసం మూడు నెలలు కొనసాగాలి, రెండో కన్ను దెబ్బతినే ముప్పు తొలి నెలల్లోనే ఎక్కువ. జబ్బు మానుతున్న వారాల్లో రెటీనా ఊడిపోవచ్చని రోగికి ముందే చెప్పండి.

టాక్సోప్లాస్మా మాక్యులాకో డిస్క్‌కో దగ్గరగా ఉన్నా, విట్రియస్ మసక ఎక్కువగా ఉన్నా చికిత్స ఇవ్వాలి. కోట్రైమోక్సజోల్ 160/800 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, సాధారణంగా ఆరు వారాలు. సల్ఫా పడనివారికి, మాత్రలు తట్టుకోలేనివారికి కంట్లోకి క్లిండమైసిన్ 1 మి.గ్రా.తో డెక్సామెథసోన్ 0.4 మి.గ్రా. పనికొస్తుంది. పైరిమెథమిన్ వాడితే తోడుగా ఇవ్వాల్సింది ఫోలినిక్ యాసిడ్. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఫార్మసీలో ఫోలిక్ యాసిడ్ ఇస్తే మందు పని చెడుతుంది.

కంటి సిఫిలిస్‌కు నాడీవ్యవస్థ సిఫిలిస్‌కు ఇచ్చే చికిత్సే ఇవ్వాలి: పెన్సిలిన్ జీ రోజుకు 1.8 నుంచి 2.4 కోట్ల యూనిట్లు సిరలోకి, 10 నుంచి 14 రోజులు. తుంటికి ఇచ్చే బెంజథైన్ పెన్సిలిన్ ఒక్కటే కంటికి చాలదు.

క్షయకు ప్రామాణిక నాలుగు మందులు రెండు నెలలు, తర్వాత రెండు లేదా మూడు మందులు మరో నాలుగు నెలలో అంతకంటే ఎక్కువో, ఛాతీ వైద్యుడితో కలిసి ఇవ్వాలి. ఇక్కడ రెండు చిక్కులు గుర్తుంచుకోండి. మందు మొదలైన తొలి వారాల్లో లీజన్లు పెరిగినట్టు కనిపించవచ్చు. అప్పుడు క్షయ మందులు ఆపకుండా స్టెరాయిడ్ డోసు పెంచాలి. రెండోది, రిఫాంపిసిన్ శరీరంలోని ప్రెడ్నిసొలోన్‌ను త్వరగా కరిగిస్తుంది కాబట్టి కాగితం మీది డోసు కంటికి అందేది తక్కువే. ఎథాంబ్యుటాల్ వాడినంతకాలం రంగుల గుర్తింపు పరీక్షించండి.

సైటోమెగలో వైరస్‌కు వాల్‌గాన్‌సైక్లోవిర్ 900 మి.గ్రా. రోజుకు రెండుసార్లు 21 రోజులు, ఆపై రోజుకు ఒకసారి. తెల్లకణాలు పడిపోతున్నాయేమో చూసుకోవాలి.

9. ఇన్‌ఫెక్షన్ కాదని తేలాక స్టెరాయిడ్

ముందు, చికిత్సే అక్కర్లేని జబ్బులను వేరు చేయండి. మల్టిపుల్ ఎవనెసెంట్ వైట్ డాట్ సిండ్రోమ్ దానంతట అదే తగ్గుతుంది. ప్లాకాయిడ్ ఎపితీలియోపతీ కూడా చాలామందిలో తగ్గుతుంది, కానీ తీవ్రమైన తలనొప్పి ఉంటే మెదడు రక్తనాళాల వాపు కోసం ఎంఆర్‌ఐ చేయించండి.

మిగతావారికి ప్రెడ్నిసొలోన్ కిలోకు 1 మి.గ్రా., గరిష్ఠంగా రోజుకు 60 నుంచి 80 మి.గ్రా. చూపుకు తక్షణ ముప్పు ఉంటే, ఉదాహరణకు తొలిదశ హరాడాలో, మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకు 1 గ్రాము చొప్పున మూడు రోజులు సిరలోకి ఇచ్చి తర్వాత మాత్రలకు మారండి.

డోసు దించే వరస ఇలా ఉంటుంది:

- 40 మి.గ్రా. పైన: ఒకటి, రెండు వారాలకోసారి 10 మి.గ్రా.
- 40 నుంచి 20: ఒకటి, రెండు వారాలకోసారి 5 మి.గ్రా.
- 20 నుంచి 10: ఒకటి, రెండు వారాలకోసారి 2.5 మి.గ్రా.
- 10 కింద: ఒకటి నుంచి నాలుగు వారాలకోసారి 1 నుంచి 2.5 మి.గ్రా.

పూర్తి డోసును నెల దాటి కొనసాగించకండి. నెలలో కన్ను దారికి రాకపోతే నిర్ధారణ తప్పయినా అయి ఉండాలి, రెండో మందైనా కావాలి. హరాడాను మాత్రం తొందరపడి దించవద్దు. ఆరు నెలల లోపే ఆపిన కళ్లలో అది తిరగబెట్టడం ఎక్కువ.

స్టెరాయిడ్ రాసిన రోజే చక్కెర, రక్తపోటు, కంటి పీడనం నమోదు చేయండి. కాల్షియం, విటమిన్ డీ మొదలుపెట్టండి. 20 మి.గ్రా. పైన నెల దాటేట్టుండి, మరో ఇమ్యూన్ మందు కూడా తోడైతే న్యుమోసిస్టిస్ (ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్) నివారణకు కోట్రైమోక్సజోల్ గురించి ఫిజీషియన్‌తో మాట్లాడండి.

10. స్టెరాయిడ్‌కు బదులు నిలిచే మందులు

మూడు నెలల్లో ప్రెడ్నిసొలోన్ 7.5 మి.గ్రా. లేదా అంతకంటే కిందికి రాకపోతే రెండో మందు మొదలవ్వాలి. బెచెట్, బర్డ్‌షాట్, సర్పిజినస్, సింపథెటిక్ ఆఫ్తాల్మియా (ఒక కంటి గాయం తర్వాత రెండో కంటికీ వచ్చే వాపు), హరాడా విషయంలో నేను అంతదాకా ఆగను, స్టెరాయిడ్‌తోపాటే మొదలుపెడతాను. ఈ మందులు పని చూపడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. ఆలస్యంగా మొదలుపెడితే ఆ నెలలన్నీ స్టెరాయిడే మోయాలి.

మెథోట్రెక్సేట్ వారానికి 15 నుంచి 25 మి.గ్రా., ఫోలిక్ యాసిడ్‌తో. మైకోఫినోలేట్ 1 నుంచి 1.5 గ్రాములు రోజుకు రెండుసార్లు. 2019లో ప్రచురితమైన ఫాస్ట్ అధ్యయనంలో మైకోఫినోలేట్ మెథోట్రెక్సేట్ కంటే మెరుగని తేలలేదు కాబట్టి, మద్యం అలవాటు, కాలేయం, గర్భధారణ ఆలోచన చూసుకుని ఎంచుకోండి. గర్భం దాల్చాలనుకునేవారికి ఈ రెండూ పనికిరావు. అజాథియోప్రిన్ కిలోకు 1 నుంచి 2.5 మి.గ్రా. ఇవ్వవచ్చు, వీలైతే ముందు టీపీఎంటీ (ఈ మందును కరిగించే ఎంజైమ్) పరీక్ష చేయించాలి.

ఇవి సరిపోకపోతే అడాలిముమాబ్: మొదట 80 మి.గ్రా., వారం తర్వాత 40 మి.గ్రా., ఆపై రెండు వారాలకోసారి 40 మి.గ్రా. దానికి ముందు క్షయ, హెపటైటిస్ బీ, మల్టిపుల్ స్క్లెరోసిస్ లేవని తేల్చుకోవాలి.

11. కంటికే ఇచ్చే స్టెరాయిడ్

ఒక కంటి జబ్బుకు, తగ్గని మాక్యులా వాపుకు ఇది మంచి దారి, ఇన్‌ఫెక్షన్ లేదని ఖాయమైతేనే. 2019 నాటి పాయింట్ అధ్యయనంలో, మాక్యులా వాపు తగ్గించడంలో కంటి చుట్టూ ఇచ్చిన ట్రయామ్సినలోన్ కంటే కంట్లోకి ఇచ్చిన ట్రయామ్సినలోన్, డెక్సామెథసోన్ 0.7 మి.గ్రా. ఇంప్లాంట్ మెరుగ్గా పనిచేశాయి. పీడనం పెరగడం, శుక్లం రావడం దీనికి చెల్లించే మూల్యం. లెన్స్ వెనక పొర లేని కంట్లో డెక్సామెథసోన్ ఇంప్లాంట్ వేయకండి, అది ముందుకు జారి కార్నియాను పాడుచేస్తుంది.

12. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

వారానికోసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోగి రోజూ వేసుకోవడం. ఇది ప్రాణాలు తీసే పొరపాటు. చీటీ మీద ‘వారానికి ఒకసారి, ఆదివారం మాత్రమే’ అని వారం పేరుతో రాసి, రోగి చేత తిరిగి చెప్పించండి. రోజూ వేసుకున్నట్టు తెలిస్తే వెంటనే ఆపించి, ఆసుపత్రిలో చేర్చి, రక్తకణాలు చూసి ఫోలినిక్ యాసిడ్ ఇవ్వాలి.

టాక్సోప్లాస్మా కంట్లో దీర్ఘకాలం నిలిచే ట్రయామ్సినలోన్ ఇవ్వడం. మందు ఇచ్చేశాక వెనక్కి తీయలేం. తెలిసిన రోజే పూర్తి డోసులో యాంటీబయాటిక్, కంట్లోకి క్లిండమైసిన్ మొదలుపెట్టి, మందు కళ్లకు కనిపిస్తూ ఉంటే ఆపరేషన్‌తో తొలగించడం గురించి ఆలోచించాలి.

చూపు 6/6 ఉందని బర్డ్‌షాట్ చికిత్స ఆపేయడం. మధ్య చూపు నిలిచి ఉండగానే చుట్టూ క్షేత్రం కుంచించుకుపోతుంది. ఫీల్డ్ టెస్ట్, ఈఆర్‌జీ (రెటీనా విద్యుత్ స్పందన పరీక్ష) చూడకుండా నిర్ణయం తీసుకోవద్దు.

కోరాయిడైటిస్ మళ్లీ చురుకైందని డోసు పెంచుతూ పోవడం, నిజానికి మచ్చ అంచున కొత్త రక్తనాళాలు పుట్టి ఉండటం. పంక్టేట్ ఇన్నర్ కోరాయిడోపతీలో (కోరాయిడ్ లోపలి పొరలో చిన్న మచ్చలు వచ్చే జబ్బు) ఇది ఎక్కువ. ఓసీటీ యాంజియోగ్రఫీతో తేల్చుకుని, కొత్త రక్తనాళాలను అణిచే యాంటీ వీఈజీఎఫ్ ఇంజెక్షన్ ఇవ్వాలి.

13. తిరిగి చూసే రోజులు

వైరల్ రెటీనైటిస్‌ను మొదట్లో ఒకటి, రెండు రోజులకోసారి చూడాలి. టాక్సోప్లాస్మాను వారానికి ఒకసారి. ఇన్‌ఫెక్షన్ కాని జబ్బును మొదట రెండు వారాలకు, తర్వాత డోసు దించిన ప్రతిసారీ చూడాలి. వచ్చిన ప్రతిసారీ అవే కొలతలు: చూపు, పీడనం, కణాలు, విట్రియస్ మసక, ఓసీటీ మందం, బొమ్మ.

మెథోట్రెక్సేట్, మైకోఫినోలేట్ మీద ఉన్నవారికి రక్తకణాలు, కాలేయ పరీక్షలు మొదట రెండు నుంచి నాలుగు వారాలకోసారి, నిలకడ వచ్చాక రెండు, మూడు నెలలకోసారి చేయించండి. ఈ మందులు వాడుతున్నంతకాలం జీవించి ఉన్న క్రిములతో చేసే టీకాలు వేయించకూడదు.

స్టెరాయిడ్ లేకుండా కన్ను రెండేళ్లు ప్రశాంతంగా ఉన్నాకే ఇమ్యూన్ మందు దించడం గురించి ఆలోచించండి. శుక్లం ఆపరేషన్‌కైతే కనీసం మూడు నెలల ప్రశాంతత కావాలి. ఆపరేషన్ తేదీని రోగికి ఇచ్చే ముందు, ఆ మూడు నెలల పాటు రాసిన కణాల లెక్కలు ఒకసారి వరసగా తిరగేయండి.